గూగుల్ ఫలితాల పేజీకి చిట్టా రాయడం ఎలా

2023 ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం మా వదిన రెండు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి ఆమె ఆర్డర్ల పుస్తకంలోని పేజీ. రెండోది మా వెబ్‌సైటు పనులు చూసిపెట్టే ఒక సంస్థ ప్రతి నెలా పంపే నివేదిక. వదిన బెంగళూరు మారతహళ్ళిలో ఇంటి దగ్గరే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. గోంగూర, చింతకాయ, పండుమిరప ఏడాదంతా ఉంటాయి. వేసవిలో ఆవకాయ, మాగాయ పెడుతుంది. కొనేవాళ్ళలో ఎక్కువ మంది వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు, కేఆర్ పురం వైపు ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళే. 'ఆంధ్రా పికిల్స్ బ్యాంగళూర్' అని వెతికితే మాది మూడో స్థానమని, ఆరు నెలలుగా ఆ స్థానం కదలలేదని నివేదికలో ఉంది. ఆర్డర్ల పుస్తకం చూస్తే సైటు ద్వారా వచ్చేవి ఆ ఆరు నెలల్లో సగానికి పడిపోయాయి.

"మూడో స్థానంలోనే ఉన్నామంటున్నారు కదా, మరి ఫోను ఎందుకు మోగడం లేదు?" అని అడిగింది వదిన.

ఆమె ఫోనులోనే ఆ మాట కొట్టి చూశాను. ముందు మూడు ప్రకటనలు. వాటి కింద మ్యాపు, మూడు దుకాణాల పేర్లు. తరువాత ఫొటోల వరుస, ఆ తరువాత 'ఇతరులు అడిగే ప్రశ్నలు'. అవన్నీ దాటాక మొదటి ఫలితం, రెండోది, మూడోదిగా మేము. బొటనవేలితో పేజీని పైకి తోసుకుంటూ పోతే మా పేరు ఐదో తెరలో కనిపించింది. నివేదికలో అబద్ధమేమీ లేదు. అయితే పచ్చడి కొనాలనుకున్న మనిషి ఐదో తెర దాకా ఎందుకు వస్తాడు?

ఆరు నెలల కిందట ఈ పేజీ ఎలా ఉండేదని ఆ సంస్థను అడిగాను. వాళ్ళ దగ్గర స్థానాల అంకెలు తప్ప ఇంకేమీ లేవు. పాత వెబ్‌సైట్లను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వెతికాను. అక్కడా ప్రయోజనం లేదు. తన ఫలితాల పేజీలను యంత్రాలు తీసుకుపోవద్దని గూగుల్ తన రోబోట్స్ ఫైలులోనే రాసి పెట్టింది. పైగా ఆ పేజీ ఎక్కడా ఉండదు. మనం అడిగిన క్షణంలో, మనం ఉన్న చోటును బట్టి, మన ఫోనును బట్టి తయారై, మనం చూశాక పోతుంది. వారపు సంత లాంటిది అది. పొద్దుగూకితే బయలు ఖాళీ. ఏ దుకాణం ఎక్కడ వేశారో చూసినవాళ్ళు రాసుకుంటే తప్ప మరునాడు ఎవరికీ తెలియదు.

నేను ఇరవై రెండేళ్ళు ఒక కార్యాలయంలో లెక్కలు రాశాను. అంతకు ముందు నెల్లూరులో మా నాన్న బియ్యం కొట్టులో చిట్టా రాయడం నేర్చుకున్నాను. జరిగింది జరిగిన రోజే రాయాలి, రాసింది చెరపకూడదు, తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. 2023 మార్చి 5, ఆదివారం నుంచి ఫలితాల పేజీకి కూడా అలాగే చిట్టా రాస్తున్నాను. చిన్న వ్యాపారం ఉండి, సొంత సైటు ఉండి, నెలనెలా ఎవరో పంపే ఒక అంకె మీద ఆధారపడుతున్నవాళ్ళ కోసం నా పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

మాటల జాబితా

మనం వెతకబోయే మాటలు మన ఊహలోంచి రాకూడదు. నేను ఒక నెలపాటు వదినకు ఫోను చేసిన ప్రతి కొత్త మనిషినీ "మమ్మల్ని ఏమని వెతికి పట్టుకున్నారు?" అని అడిగాను. ముప్పై ఏడు మంది చెప్పారు. మా సైటులో మేము గొప్పగా రాసుకున్న 'సంప్రదాయ రుచులు' అనే మాటను ఒక్కరూ కొట్టలేదు. చాలామంది పచ్చడి పేరు, పక్కన ఊరి పేరు కొట్టారు. కొందరు ఊరి పేరు బదులు పేట పేరు కొట్టారు.

ఈ నగరం ఇంగ్లిషు పేరు 2014 నవంబరు 1న అధికారికంగా బెంగళూరు అయింది. అయినా వెతికేవాళ్ళలో సగం మంది వేళ్ళు ఇంకా బ్యాంగళూర్ అనే కొడతాయి. రెంటికీ వచ్చే పేజీలు ఒకటి కావు. అందుకని రెండూ నా జాబితాలో వేరువేరు వరుసలు. తెలుగు లిపిలో 'గోంగూర పచ్చడి' అని కొట్టేవాళ్ళు ఉన్నారు, అదొక వరుస. పక్కింటి కన్నడ ఆవిడ తాను 'ఆంధ్ర ఉప్పినకాయి' అని వెతికానని చెప్పినప్పుడు అదీ చేర్చాను.

మొత్తం పన్నెండు. అందులో ఒకటి మా దుకాణం పేరే. అది జ్వరం చూసే థర్మామీటరు లాంటిది. సొంత పేరుతో వెతికినా మన సైటు మొదట రాకపోతే ఇబ్బంది మన సైటులోనే ఉందని అర్థం, మిగతా పదకొండు చూసే ముందు దాన్ని చూసుకోవాలి. ఐదు మామూలు మాటలు, నాలుగు పేటల పేర్లతో ఉన్నవి, రెండు ఆవకాయ కాలానికి సంబంధించినవి. పన్నెండు తక్కువ కదా అని అనిపించవచ్చు. వందతో మొదలుపెట్టి మూడో వారానికి వదిలేసినవాళ్ళను చూశాను. ఒక్క మనిషి ఆదివారం పొద్దున కాఫీ తాగేలోపు రాయగలిగినంత పెట్టుకుంటే చాలు.

జాబితా ఒకసారి కుదిరాక మాటలను మార్చకండి, తీసేయకండి. కొత్తది కావాలంటే అడుగున, చేర్చిన తేదీతో సహా రాయండి.

ఒకే చోటు, ఒకే ఫోను, ఒకే వేళ

మొదటి రెండు నెలల్లో నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ఏప్రిల్‌లో ఒక ఆదివారం మా చెల్లెలి ఇంటికి ఎలక్ట్రానిక్ సిటీ వెళ్ళి, అక్కడే కూర్చుని చిట్టా రాశాను. మ్యాపులోని మూడు పేర్లూ మారిపోయి కనిపించాయి. 'భారీ మార్పు' అని రాసి వదినకు ఫోను చేసి కంగారు పెట్టాను. మర్నాడు మారతహళ్ళిలో చూస్తే అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. దుకాణాల ఫలితాలను సంబంధం, దూరం, ప్రాముఖ్యం అనే మూడింటిని బట్టి వరుస పెడతామని గూగులే చెబుతుంది. ఆ రోజు మారింది దూరం ఒక్కటే, అదీ నా వల్ల. ఆ వరుస మీద గీత కొట్టి ఉంది, ఇప్పటికీ చిట్టాలో కనిపిస్తుంది.

అందువల్ల చోటు మార్చకండి. ఫలితాల పేజీ అట్టడుగుకు వెళితే గూగుల్ మనం ఎక్కడున్నామని అనుకుంటున్నదో రాసి ఉంటుంది. ప్రతిసారీ ముందు అది చూసి చిట్టాలో రాయాలి. మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు ఒకసారి అక్కడ చెన్నై అని కనిపించింది, నేనేమో వదిన వంటింట్లో ఉన్నాను. అలాంటి రోజు లొకేషన్ సరిచేసుకుని మళ్ళీ వెతకాలి, లేదా ఆ వారం ఖాళీ వదలాలి. తప్పుడు వరుస కన్నా ఖాళీ వరుస మేలు.

బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో కిటికీ, అంటే మనం చూసినవాటి చరిత్రను దాచుకోని కిటికీ, తెరిస్తే చాలని చాలామంది నమ్మకం. అది మన పాత వెతుకులాటల ప్రభావాన్ని తగ్గిస్తుంది కానీ మనం ఉన్న చోటును దాచదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ ఇన్‌కాగ్నిటో తెరను మామూలుగా స్క్రీన్‌షాట్ తీయనివ్వదు. నాకు స్క్రీన్‌షాట్లు తప్పనిసరి. అందుకని ఈ పని కోసమే ఫోనులో వేరే బ్రౌజరు ఒకటి పెట్టాను. అందులో ఏ ఖాతాతోనూ లాగిన్ కాను, ఇంకే పనికీ వాడను. చిట్టా రాసే ముందు కుకీలూ చరిత్రా చెరిపేస్తాను. భాష ఇంగ్లిషు, ప్రాంతం భారతదేశం అని సెట్టింగ్స్‌లో ఒకసారి పెట్టి మళ్ళీ తాకలేదు.

ఫోనా కంప్యూటరా అంటే, మీ దగ్గర కొనేవాళ్ళు ఏది వాడతారో అదే. రెండూ రాయగలిగితే మంచిదే గానీ ఒకే వరుసలో కలపవద్దు. కంప్యూటరు తెర మీద మొదటి చూపుకే కనిపించే ఫలితం ఫోనులో మూడు తెరల కిందకు పోతుంది.

వేళ విషయంలో నాకు ఆదివారం ఉదయం ఏడు గంటలు కుదిరింది. ప్రకటనలు రోజులో వేళను బట్టి మారతాయి. ఉదయం ఒక వారం, రాత్రి ఒక వారం రాస్తే ప్రకటనల లెక్క దేనికీ పనికిరాదు. ఒక్కో మాటను పది నిమిషాల తేడాతో రెండుసార్లు వెతకడం కూడా అలవాటు చేసుకున్నాను. రెండు పేజీలూ ఒకేలా ఉంటే ఒక వరుస రాస్తాను. వేరుగా ఉంటే రెండూ రాసి పక్కన 'ఊగుతోంది' అని గుర్తు పెడతాను. మూడో స్థానం, ఐదో స్థానం మధ్య ఒకే ఉదయం ఊగే పేజీని చూసి 'రెండు మెట్లు పడిపోయాం' అని కుంగిపోవలసిన పని లేదు. ఆ మాట వదినకు అర్థమయ్యేలా చెప్పగలిగింది ఈ గుర్తు వల్లే.

ఎవరి లింకునూ నొక్కకండి. మీ సైటును మీరే నొక్కితే లెక్క పాడవుతుంది. పోటీదారుడి ప్రకటనను నొక్కితే అతని డబ్బు పోతుంది, అది అన్యాయం.

వరుసలో ఏమి రాయాలి

ఇక్కడ ఓపిక పట్టండి, చిట్టా విలువంతా ఇందులోనే ఉంది. స్థానం అంకె ఒక్కటే రాస్తే ఆ సంస్థ పంపిన నివేదికకూ మన చిట్టాకూ తేడా ఉండదు. పేజీలో పై నుంచి కిందికి ఏ ఏ పెట్టెలు ఏ వరుసలో ఉన్నాయో అన్నీ రాయాలి.

ఈ పేజీ మొదటి నుంచీ ఇలా లేదు. 1998లో గూగుల్ మొదలైనప్పుడు అది నీలిరంగు లింకుల పట్టిక, అంతే. 2000లో ప్రకటనలు అమ్మడం మొదలైంది. 2007లో ఫొటోలు, వీడియోలు, వార్తలు, మ్యాపులు అదే పేజీలోకి వచ్చి కలిశాయి. 2012లో మనుషుల గురించీ ఊళ్ళ గురించీ సమాచారపు పెట్టె వచ్చింది. 2015లో మ్యాపు కింద చూపే దుకాణాలు ఏడు నుంచి మూడుకు తగ్గాయి. వదిన లాంటి చిన్న వ్యాపారులకు అది ఎంత పెద్ద దెబ్బో ఊహించండి, నాలుగు నుంచి ఏడు దాకా ఉన్నవాళ్ళు ఒక్కసారిగా కనిపించకుండా పోయారు. 2016 ఫిబ్రవరిలో కంప్యూటరు పేజీ కుడివైపు ఉండే ప్రకటనలు తీసేసి, పైన నాలుగు దాకా పెట్టారు. 2024 ఆగస్టులో ఏఐ ఓవర్‌వ్యూ, అంటే మన ప్రశ్నకు గూగులే ఏఐతో జవాబు రాసి చూపే పెట్టె, భారతదేశానికి వచ్చింది. ఇన్ని పెట్టెలు వచ్చి చేరుతున్నప్పుడు 'మూడో స్థానం' అనే మాటకు ప్రతి ఏడాదీ అర్థం మారిపోతూనే ఉంది.

నేను పెట్టెలకు పొట్టి గుర్తులు పెట్టుకున్నాను. ప్ర అంటే ప్రకటన, మ్యా అంటే మ్యాపు, ఫొ ఫొటోలు, వీ వీడియోలు, ప్రశ్న అంటే ఇతరులు అడిగే ప్రశ్నలు, ఏఐ అంటే ఆ పెట్టె, అంకె అంటే మామూలు ఫలితం. ఒక అసలు వరుస ఇదిగో:

2024 ఏప్రిల్ 14, ఆదివారం, ఉ. 7.10. వదిన ఫోను. అడుగున చోటు: మారతహళ్ళి. మాట: ఆవకాయ బ్యాంగళూర్. ప్ర, ప్ర, ప్ర, ప్ర, మ్యా (మూడో పేరు మనది), 1, ప్రశ్న, 2, వీ, 3, ఫొ, 4 (మనది). మ్యాపులో మనం: తెర 2. సైటు: తెర 6.

చివరి రెండు అంకెలే నాకు అన్నిటికన్నా ముఖ్యం. తెర అంటే ఫోనులో ఒకేసారి కనిపించే భాగం. పేజీ తెరుచుకోగానే కనిపించేది మొదటి తెర. వేలితో ఒక తెర నిండా పైకి తోస్తే రెండోది. మన పేరు ఏ తెరలో కనిపించిందో లెక్కపెట్టి రాయడమే. ఫోను మారితే తెర పొడవు మారుతుంది, కాబట్టి ఏ ఫోనో రాయాలి. వదిన గత ఏడాది ఫోను మార్చినప్పుడు రెండు ఫోనుల్లోనూ నాలుగు వారాలు పక్కపక్కన రాసి, తేడా ఎంతో తెలుసుకున్నాకే పాతదాన్ని పక్కన పెట్టాను.

మొదటి ఐదు మామూలు ఫలితాలు ఎవరివో కూడా రాస్తాను. మాలాంటి ఇంటి వ్యాపారులా, అన్నీ అమ్మే పెద్ద దుకాణాలా, పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లా, వంటల వీడియోలా అని. 2023 మార్చి వరుసల్లో 'గోంగూర పచ్చడి' తెలుగు లిపి మాటకు మొదటి ఐదింటిలో మూడు వంటకం చెప్పే పేజీలు. అంటే ఆ మాట కొట్టేవాళ్ళు చేసుకోవాలని చూస్తున్నారు, కొనాలని కాదు, కనీసం గూగుల్ అలా అనుకుంటోంది. ఆ పేజీలో మాకు చోటు లేదని ఏడాదిపాటు బాధపడే బదులు ఆ సంగతి రెండు నెలల్లో తెలిసింది.

మన ఫలితానికి గూగుల్ చూపిన శీర్షికను అక్షరం అక్షరం రాయండి. మనం రాసిన శీర్షికనే అది చూపాలని లేదు, పేజీలోని వేరే మాటలు తీసుకోవచ్చు. 2021 ఆగస్టు నుంచి ఇది బాగా కనిపిస్తోంది. మా ఆవకాయ పేజీకి కొన్ని వారాలు దుకాణం పేరు మాత్రమే చూపించింది, ఆవకాయ అనే మాటే లేదు. స్థానం మారలేదు, తెర మారలేదు, నొక్కేవాళ్ళు తగ్గారు. ఆ శీర్షిక చిట్టాలో రాసి ఉండకపోతే కారణం దొరికేది కాదు.

స్క్రీన్‌షాట్ల విషయం ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి పొడవాటి స్క్రీన్‌షాట్ తీసే సౌకర్యం ఉంది, కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు పేజీ మొత్తాన్ని ఒకే బొమ్మగా దాస్తుంది. ఫైలు పేరులో సంవత్సరం ముందు, తరువాత నెల, తేదీ, మాట వరుస సంఖ్య పెట్టండి: 2024-04-14-03. అప్పుడు ఫైళ్ళు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. వరుస రాయకుండా బొమ్మలు మాత్రం పోగేస్తే ఆరు నెలల తరువాత వాటిని తెరిచే ఓపిక ఎవరికీ ఉండదు. బొమ్మ సాక్ష్యం, వరుస లెక్క. రెండూ కావాలి.

సెర్చ్ కన్సోల్ అంకెలు

మన సైటు గురించి గూగులే ఉచితంగా ఇచ్చే లెక్కలు సెర్చ్ కన్సోల్‌లో ఉంటాయి. ఎన్నిసార్లు కనిపించాం, ఎన్నిసార్లు నొక్కారు, సగటు స్థానం ఎంత. చిట్టా పక్కన ఇది తప్పక ఉండాలి, ఎందుకంటే నేను చూసేది ఒక ఫోనులో ఒక పేజీ, అది చెప్పేది నిజంగా వెతికినవాళ్ళందరి సంగతి.

కానీ అక్కడ పదహారు నెలల లెక్కలే ఉంటాయి. పదిహేడో నెల వచ్చేసరికి మొదటి నెల పోతుంది. అందుకే ప్రతి నెలా ఐదో తారీఖున కిందటి నెలను దింపుకుని దాచుకుంటాను. ఒకసారికి వెయ్యి వరుసలే దిగుతాయి, చిన్న సైటుకు అది ఎక్కువే. తేదీలు అమెరికా పసిఫిక్ కాలమానంలో ఉంటాయి. మన ఆదివారం ఉదయం వాళ్ళకు ఇంకా శనివారమే. ఒక్క రోజు అంకెను పట్టుకుని మన పుస్తకంతో పోల్చకుండా వారం మొత్తం కలిపి పోల్చండి.

సగటు స్థానం దగ్గర జాగ్రత్త. ఒక వారం మనం ఒకే మాటకు పదిసార్లు రెండో స్థానంలో కనిపించామనుకుందాం. సగటు 2. మరుసటి వారం అదే పదిసార్లూ రెండో స్థానంలోనే కనిపించి, దాంతోపాటు ఒక కొత్త మాటకు నలభైసార్లు పన్నెండో స్థానంలో కనిపించామనుకోండి. పది రెళ్ళు ఇరవై, నలభై పన్నెండ్లు నాలుగు వందల ఎనభై, మొత్తం ఐదు వందలు, యాభైతో భాగిస్తే సగటు 10. రెండు నుంచి పదికి పడిపోయామని గ్రాఫు చూపిస్తుంది. నిజానికి ఎక్కడా పడలేదు, కొత్త చోట కూడా కనిపించాం. సగటును ఎప్పుడూ ఒక్కో మాటకు విడదీసే చూడాలి.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. ఒకే పేజీలో వంద ఫలితాలు తెప్పించుకునే వెసులుబాటును 2025 సెప్టెంబరులో గూగుల్ ఆపేసింది. స్థానాలు లెక్కపెట్టే యంత్రాలు ఎక్కువగా వాడింది దాన్నే. అది ఆగగానే చాలా సైట్లకు కనిపించిన లెక్క తగ్గి, సగటు స్థానం మెరుగైనట్టు తేలింది. ఆ నెల మా గ్రాఫు చూసి వదిన సంతోషపడింది. చిట్టాలో పన్నెండు మాటలకూ తెరలు కదలలేదని చూపించాను.

కారణాల గడి

ప్రతి వరుసలో చివర ఒక ఖాళీ గడి ఉంచండి. ఆ వారం మనం సైటులో ఏమి మార్చాం, గూగుల్ ఏమి మార్చింది, పండగ ఏది, వానలు ఉన్నాయా, ఏది తెలిస్తే అది రాయండి. ఫలితాలను వరుస పెట్టే తీరులో తెచ్చే పెద్ద మార్పులను గూగుల్ కోర్ అప్‌డేట్ అనే పేరుతో ప్రకటిస్తుంది. మొదలైన రోజు, ముగిసిన రోజు దాని సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డులో ఉంటాయి.

2024లో వచ్చిన చిక్కు చెబుతాను. ఆ ఏడాది మార్చి 5న ఒక కోర్ అప్‌డేట్ మొదలై ఏప్రిల్ 19 దాకా, నలభై ఐదు రోజులు నడిచింది. ఏప్రిల్ 9న ఉగాది. వదిన ఏటా ఉగాది రోజునే ఆవకాయ ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెడుతుంది. అంటే ఏడాదిలో ముఖ్యమైన వారం ఆ కల్లోలం నడిమధ్యలో పడింది. పైన చూపిన ఏప్రిల్ 14 వరుసలో మా సైటు నాలుగో స్థానం. ఇది అప్‌డేట్ వల్లా, కాలం వల్లా, మా పేజీ వల్లా?

కిందటి ఏడాది ఏప్రిల్ 14 దగ్గరి వరుస తీస్తే పోలిక కుదరలేదు. 2023లో ఉగాది మార్చి 22నే వచ్చింది, ఏప్రిల్ మధ్యకల్లా ఆవకాయ వేడి సగం చల్లారింది. అప్పుడు తేదీలు వదిలి పండగతో లెక్కపెట్టాను. 2024 ఏప్రిల్ 14 ఉగాది తరువాత మొదటి ఆదివారం. 2023లో దానికి సాటి మార్చి 26. ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెడితే తేటగా కనిపించింది. ప్రకటనలు రెండు నుంచి నాలుగు అయ్యాయి, వీడియోల పెట్టె కొత్తది, మేము రెండు నుంచి నాలుగుకు పోయాం, అయితే మాతోపాటు మొదటి ఐదింటిలో ఉన్న మిగతా ఇంటి వ్యాపారులూ దిగారు. మా ఒక్కరి పేజీలో దోషం అయితే మేమొక్కరమే దిగేవాళ్ళం.

ఈ పోలిక పద్ధతి మన పండగలతో నడిచే ఏ వ్యాపారానికైనా వర్తిస్తుంది. చీరలు, పిండివంటలు, పూజ సామాను అమ్మేవాళ్ళు 'కిందటి ఏడాది ఇదే తేదీ' అనే పట్టికను నమ్ముకోవద్దు. ప్రతి వరుసకూ దగ్గరి పండగ నుంచి ఎన్నో ఆదివారమో రాసుకోండి.

సైటు చూసే సంస్థ పేజీలన్నీ తిరగరాయాలని చెప్పింది. నేను వద్దన్నాను. కోర్ అప్‌డేట్ ముగిశాక కనీసం ఒక వారం ఆగి చూడమని గూగుల్ సలహా. ఏప్రిల్ 28 ఆదివారం వరకు ఆగాం. ఏమీ ముట్టుకోకుండానే మాది మూడో స్థానానికి వచ్చింది. ఆ రోజు తొందరపడి తిరగరాసి ఉంటే, మెరుగు దాని వల్లే వచ్చిందని నమ్మి ప్రతి ఏడాదీ ఆ ఖర్చు పెట్టేవాళ్ళం.

పేజీ మారితే ఎవరి వల్ల అని తేల్చుకునే తీరు నా అనుభవంలో ఇది. స్థానం మారకుండా తెరలు పెరిగితే పెట్టెలు వచ్చి చేరాయి, మన పేజీని తిట్టుకోవద్దు. అందరూ కదిలితే గూగుల్ తూకం మార్చింది. మనమొక్కరమే దిగితే మన సైటు తెరుచుకుంటోందా, శీర్షిక ఏమి చూపిస్తోంది అని ముందు చూడాలి. స్థానం, తెర, శీర్షిక అన్నీ అలాగే ఉండి ఆర్డర్లు తగ్గితే పేజీలో వెతకడం మాని వ్యాపారంలో వెతకాలి, ధర, కొరియరు, రుచి.

మాకు చిట్టా వల్ల దక్కిన ఒక ముఖ్యమైన ఫలితం మ్యాపు పెట్టె. 2023 మొదటి పది వరుసల్లోనూ మ్యాపు రెండో తెరలో ఉంది, మేము అందులో లేము. సైటును ఐదో తెర నుంచి నాలుగో తెరకు తేవడానికి పడే పాటు కన్నా, రెండో తెరలోని మూడు పేర్లలో ఒకటి కావడం మేలని అప్పుడు తట్టింది. మ్యాపులో మా దుకాణం వివరాలు తెరిచి చూస్తే రకం 'కిరాణా' అని ఉంది, వేళలు తప్పు, ఫొటోలు లేవు. సరిచేశాం. పచ్చడి తీసుకువెళ్ళినవాళ్ళను నచ్చితే నాలుగు మాటలు రాయమని వదిన అడగడం మొదలుపెట్టింది. ప్రతిఫలంగా ఏమీ ఇవ్వలేదు, ఇవ్వడం గూగుల్ నియమాలకు విరుద్ధం కూడా. 2023 జూలై 9 వరుసలో మొదటిసారి 'మ్యా (మూడో పేరు మనది)' అని రాశాను.

ఇదంతా యంత్రంతో చేయించవచ్చా అని అడుగుతారు. సొంతంగా ప్రోగ్రాము రాసి గూగుల్‌ను గంటకోసారి అడిగించడం దాని నిబంధనలకు విరుద్ధం, కొద్దిసేపటికే బొమ్మల పరీక్షలు పెట్టి ఆపేస్తుంది. డబ్బు తీసుకుని స్థానాలు చూసిపెట్టే సేవలు ఉన్నాయి. వందల మాటలున్నవాళ్ళకు అవి తప్పవు. అయితే కొనే ముందు పేజీ మొత్తం బొమ్మను రోజూ దాచి ఇస్తారా, ఏ పేట నుంచి చూస్తారో చెబుతారా అని అడగండి. అంకె మాత్రమే ఇచ్చేదైతే అక్కర్లేదు. గూగుల్ లాగే వెతికిపెట్టే మైక్రోసాఫ్ట్ వారి బింగ్ కూడా ఒక వరుసగా రాయండి, నేను నెలకు ఒకసారి రాస్తాను.

చివరగా ఏఐ పెట్టె సంగతి. మా చిట్టాలో అది మొదటిసారి కనిపించింది 2024 అక్టోబరు 6న, గోంగూర పచ్చడి ఎన్నాళ్ళు నిల్వ ఉంటుందని నేను ఇంగ్లిషులో కొట్టి చూసినప్పుడు. అది జాబితాలోని మాట కాదు, ఫోనులో ఒకావిడ వదినను అడిగిన ప్రశ్న. ఆ పెట్టె మొదటి తెరను పూర్తిగా నింపింది. దీనికి 'ఏఐ' అని గుర్తు పెట్టి ఊరుకుంటే చాలదు. అందులో రాసిన జవాబును మొత్తం దాచాలి, ఎవరి లింకులు ఇచ్చిందో రాయాలి, ఎందుకంటే జవాబు స్థిరంగా ఉండదు. మూడు ఆదివారాలు వరుసగా అడిగితే మూడు గడువులు చెప్పింది. ఒక్కదానిలోనూ నూనె పైకి తేలి ఉండాలనీ, తడి గరిటె పెట్టకూడదనీ లేదు.

నాలుగో ఆదివారం ఆ మూడు బొమ్మలూ వదినకు చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని మూడూ చదివి, "ఇది చూసి ఎవరైనా చెడిపోయిన పచ్చడి తింటే?" అంది. ఆ వారమే మా సైటులో నిల్వ గురించి తన చేతులతో ఒక పేజీ రాసింది, నూనె ఎంత ఉండాలో, జాడీ ఎలా ఆరబెట్టాలో, వాసన మారితే ఏమి చేయాలో. నేను ఆ ప్రశ్నను పదమూడో మాటగా జాబితా అడుగున, 2024 నవంబరు 3 అని తేదీ వేసి చేర్చాను.